ఆర్గానిక్ అంటే భయం ఉంటే కెమిస్ట్రీ మానుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. కెమిస్ట్రీ ఇష్టమే కానీ ఆర్గానిక్ చర్యలు మాత్రం ఎన్నిసార్లు బట్టీ పట్టినా మర్నాటికి మరచిపోతోంది. డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకోవచ్చా, బీఫార్మసీ మేలా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కోర్సు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ బట్టీ మాన్పించండి. చర్యల పేర్లు జాబితాగా రాసి గోడకు అంటించే అలవాటు మన జూనియర్ కాలేజీల్లో పాతుకుపోయింది. భయంలో సగం అక్కడే పుడుతోందని నా అభిప్రాయం.

ఆర్గానిక్ అంటే కార్బన్ సమ్మేళనాల కెమిస్ట్రీ. కార్బన్ నాలుగు బంధాలు ఏర్పరుస్తుంది, తనతో తానే గొలుసులుగా, వలయాలుగా కలుస్తుంది. అందుకే దాని సమ్మేళనాలు లక్షల్లో ఉన్నాయి. వాటన్నింటినీ ఎవరూ గుర్తుపెట్టుకోరు. అణువులో ఏ ప్రమేయ సమూహం (దాని గుణాన్ని నిర్ణయించే పరమాణువుల గుంపు) ఉందో చూస్తే దాని స్వభావం చాలావరకు తెలిసిపోతుంది. ఇథనాల్‌లోనూ, డైమిథైల్ ఈథర్‌లోనూ ఉన్నవి రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. అయినా మొదటిది 78 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే ద్రవం, రెండోది గది ఉష్ణోగ్రతలోనే వాయువు. ఆక్సిజన్ ఎక్కడ కూర్చుందన్నదే తేడా.

ఇప్పుడు మందుల షాపుకు వెళదాం. సాలిసిలిక్ ఆమ్లాన్ని ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో కలిపితే ఆస్పిరిన్ వస్తుంది. అదే ఎన్‌హైడ్రైడ్‌తో పారా అమైనోఫినాల్‌ను కలిపితే పారాసెటమాల్ వస్తుంది. బట్టీ పట్టేవారికి ఇవి రెండు చర్యలు, ఎలక్ట్రాన్ల కదలిక తెలిసినవారికి ఒక్కటే. పారా అమైనోఫినాల్‌లో నైట్రోజన్‌తో పాటు ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) కూడా ఉంది కదా, మరి ఎన్‌హైడ్రైడ్ నుంచి వచ్చే ఎసిటైల్ సమూహం దాన్ని వదిలి నైట్రోజన్‌నే ఎందుకు పట్టుకుంది? అమ్మాయిని అడగండి. ఎలక్ట్రాన్ జంటను ఆక్సిజన్ కన్నా నైట్రోజన్ సులువుగా ఇస్తుందని ఆలోచించి చెప్పగలిగితే, ఈ సబ్జెక్టు ఆమెకు పట్టుబడుతుంది.

కొత్త అణువులు తయారు చేయడం మీద మనసుంటే డిగ్రీలో కెమిస్ట్రీ, ఆపైన ఎమ్మెస్సీ ఆర్గానిక్ మంచి దారి. జీడిమెట్ల, పాశమైలారం, విశాఖ దగ్గరి పరవాడ బల్క్ డ్రగ్ (మందుల మూల రసాయనాల) పరిశ్రమల్లో, కొత్త అణువులు తయారు చేసే సింథసిస్ ల్యాబుల్లో ఈ పీజీకి గిరాకీ ఉంది. డిగ్రీతోనే ఆగితే ఎక్కువగా దొరికేవి ఉత్పత్తి, నాణ్యత పరీక్ష విభాగాల ఉద్యోగాలు. మొదట్లో జీతం తక్కువ, షిఫ్టులుంటాయి, ద్రావకాల వాసన తప్పదు. ఇవి ముందే ఆమెకు చెప్పండి. పరిశోధన కావాలంటే పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. హైదరాబాద్‌లోని ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) లాంటి సంస్థలు అందుకు ఉన్నాయి.

మందు శరీరంలో ఏం చేస్తుంది, మాత్రగా ఎలా మారుతుంది అన్నది ఆసక్తి అయితే ఎప్‌సెట్ రాసి బీఫార్మసీలో చేరనివ్వండి. కానీ ఆర్గానిక్‌ను తప్పించుకోవడానికి ఆ కోర్సు వద్దు, అక్కడా మొదటి రెండేళ్లలోనే అది ఎదురవుతుంది.

బైపీసీ కాబట్టి ఇంకో జాగ్రత్త. జామ్ (ఐఐటీలు నిర్వహించే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) ద్వారా ఎమ్మెస్సీలో చేర్చుకునే సంస్థల్లో కొన్ని ఇంటర్ స్థాయి గణితం అడుగుతాయి. ఆ ఆలోచన ఉంటే డిగ్రీలో చేరకముందే అర్హతల పట్టిక చూసుకోండి.