జామాయిల్ రెండో కోతకు తేలికైన చైన్‌సా ఏది కొనాలి?

జామాయిల్ రెండో కోతకు వచ్చింది, కూలీలు దొరకడం లేదు, సొంతంగా కోసుకోవడానికి తేలికైన చైన్‌సా చెప్పమన్నారు. 30-35 సీసీ పెట్రోలు మిషన్ తీసుకోండి, దానికి 12 లేదా 14 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడుగు ఇనప పట్టీ) పెట్టించండి. అంతకు మించి ఒక్క అంగుళం కూడా వద్దు. మా దగ్గర ఉన్నది స్టిల్ కంపెనీ 180 మిషన్. 31.8 సీసీ, బార్, చైన్ లేకుండా నాలుగు కిలోల దరిదాపు.

దుకాణానికి వెళ్తే మాత్రం అదే ధరలో, ఇంకా తక్కువలో కూడా, 58 సీసీ, 22 అంగుళాల బార్ మిషన్ చూపిస్తారు. పెద్దది చౌకగా వస్తోంది కదా అని జనం ఎగబడి కొంటున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. మొదటి కోతలో మోడుకు ఒకటే మాను, ఏ మిషన్ అయినా నడుస్తుంది. రెండో కోతలో ఒకే మోడు మీద రెండు మూడు మాన్లు జానెడు ఎడంలో లేచి ఉంటాయి. వాటి మధ్యలోకి అంత పొడుగు బార్ ఎలా దూరుతుంది?

మా బావమరిది అలాంటిదే తెచ్చాడు. మూడు మాన్ల మోడు దగ్గర వంగి, ముందున్న మానుకు చైన్ ఆనించాడు. బార్ ముక్కు వెనక మానుకు తగిలింది. అంతే, మిషన్ ఒక్క ఉదుటున ఎగిరి మొహం మీదికి వచ్చింది. ఎడమ చెయ్యి ముందు గార్డుకు, అంటే ముందు పిడికి అవతల ఉండే అడ్డుకు, కొట్టుకుని బ్రేకు పడింది కాబట్టి చైన్ ఆగింది. ఆగిన చైన్ పళ్లే తలకు చుట్టుకున్న తువ్వాలులో దిగబడ్డాయి. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి, "ఒరేయ్ తమ్ముడూ, కత్తితో నరుక్కుందాం, మళ్లీ దాన్ని ముట్టుకోకురా" అని ఏడ్చేసింది. ఆ గార్డు చేతికి అడ్డమొస్తోందని ఊడదీసి పక్కన పడేసేవాళ్లను మా మండలంలో చాలామందిని చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి.

బరువు సంగతి కూడా ఆలోచించండి. మూడు మీటర్లు, రెండు మీటర్ల ఎడంలో నాటితే ఎకరానికి 670 మోళ్ల దాకా ఉంటాయి. ఒక్కోదాని దగ్గర రెండు మూడు సార్లు నడుం వంచాలి. అలసిన చెయ్యే మోడును చెడగొడుతుంది.

అసలు చూసుకోవాల్సింది మోడునే. నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తులో, నీళ్లు నిలవకుండా కాస్త వాలుగా కొయ్యాలి. పిలకలు వచ్చేది బెరడు కిందున్న మొగ్గల నుంచి. పిలక మాన్లు బయటికి వాలి పెరుగుతాయి కాబట్టి, ముందు వాలిన వైపు చిన్న గాటు పెట్టి, తర్వాత వెనక నుంచి కొయ్యండి. లేకపోతే సగం తెగగానే నిలువునా చీలి, బెరడును వేరు దాకా లాక్కుపోతుంది. చైన్‌కు పదును ఉండాలి. తురుము బదులు పిండి రాలుతోందంటే చైన్ మొద్దుబారినట్టే. మా మిషన్ చైన్‌కు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి సరిపోతుంది, పెట్రోలు పోసిన ప్రతిసారీ రెండు మూడు రుద్దులు చాలు. కొత్త పిలకలు బొటనవేలంత ఉన్నప్పుడు పలచన చేయడానికి ఏ మిషనూ అక్కర్లేదు, కత్తి చాలు. బ్యాటరీ బుల్లి రంపాలు కొమ్మలకు బాగుంటాయి గానీ తోట కోతకు ఆగవు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. టన్నుల లెక్కన కోయించే ముఠాలు కర్ర లారీకి ఎక్కాక కొమ్మారెమ్మా మోళ్ల మీదే కుప్పేసి అగ్గి పెట్టి పోతున్నారు. ఎంత మంచి మిషన్‌తో, ఎంత నున్నగా కోసినా, బెరడు కాలిన మోడు మళ్లీ సరిగ్గా లేవదు. మీకు ఎప్పుడైనా ముఠాతో కోయించాల్సి వస్తే, కొమ్మలను సాళ్ల మధ్యకు లాగాలి, మోళ్ల మీద మంట పెట్టకూడదు అని బేరం కుదిరేటప్పుడే రాయించుకోండి. అది ఒప్పుకోని మేస్త్రీకి తోట ఇవ్వకండి, టన్నుకు ఎంత తక్కువ చెప్పినా సరే.