యుద్ధకాలపు చమురు నౌక నుంచి వచ్చిన ఉత్తరం: ముందు తేదీ చూడండి

పంపినవారి చిరునామాలో ‘యూఎస్ఎస్ మిస్సిసినెవా’ అని అమెరికా నౌకాదళపు చమురు నౌక పేరు ఉన్న పాత కవరు దొరికిందనీ, తపాలా ముద్రలో మాత్రం నౌక పేరు లేదనీ, అది నిజంగా రెండో ప్రపంచ యుద్ధ కాలానిదేనా అనీ అడిగారు. ఆ నౌక కవర్లు నా దగ్గర రెండున్నాయి.

మొదటిది కొన్నప్పుడు నష్టపోయాను. యుద్ధకాలపుదని అమ్మిన మనిషి చెప్పాడు, పేరు చూసి నమ్మాను. ఇంటికి వచ్చి భూతద్దం పెట్టి చూస్తే ముద్రలో 1958 ఉంది. అదే పేరుతో ఇంకో చమురు నౌక 1955లో నౌకాదళంలో చేరింది. దాని సంఖ్య ఏఓ-144. యుద్ధంలో పనిచేసింది ఏఓ-59.

ఏఓ-59 బతికింది ఆరు నెలలే. నేనుండే మేరీలాండ్‌లోనే, స్పారోస్ పాయింట్ దగ్గర తయారైంది. 1944 మే 18న సేవలో చేరి, కరీబియన్ దీవి అరూబాలో చమురు నింపుకొని పసిఫిక్ వెళ్లింది. నవంబరు 20 తెల్లవారుజామున 5.47కు ఉలితి దీవుల దగ్గర లంగరు వేసి ఉండగా ‘కైతెన్’ వచ్చి తాకింది. మనిషి లోపల కూర్చుని నడిపే జపాన్ టార్పెడో అది. అప్పటికి నౌకలో 4,04,000 గ్యాలన్ల విమాన పెట్రోలు, 90,000 పీపాల నౌకల చమురు ఉన్నాయి. 63 మంది చనిపోయారు. మునిగిన నౌకలో మిగిలిన చమురు 2001లో కారడం మొదలై, 2003లో తోడేసేదాకా ఆ దీవులవారిని భయపెట్టింది.

కాబట్టి మీ కవరు మీది తేదీ ఆ ఆరు నెలల్లో పడాలి. ముద్రలో నౌక పేరు లేకపోవడం లోపం కాదు, మంచి గుర్తే. శత్రువుకు తెలియకూడదని యుద్ధకాలంలో పేరు తీసేసి ‘యూఎస్ నేవీ’ అని మాత్రమే ఉంచేవారు. సెన్సారు ముద్ర, అందులో ఉత్తరం చదివిన అధికారి పొడి అక్షరాలు ఉన్నాయేమో చూడండి. కుడి పైమూల తపాలా బిళ్ళకు బదులు చేతిరాతతో ‘ఫ్రీ’ అని ఉండవచ్చు. విమాన తపాలాకైతే ఆరు సెంట్ల బిళ్ళ అంటించేవారు.

నా రెండో కవరు 1944 అక్టోబరుది. లోపలి ఉత్తరంలో ఒక వరుసను సెన్సారువారు బ్లేడుతో కోసేశారు. వెలుతురులో పట్టుకుంటే ఆ కిటికీ అంచున సగం తెగిన పెద్ద అక్షరం ఒకటి కనిపిస్తుంది. ఏదో ఊరి పేరే అయ్యుంటుంది. ఆ కింద, పదకొండు ఉత్తరాలు ఒకేసారి అందాయని ఆ నావికుడు తల్లికి రాశాడు. చమురు నౌకలు నడిసముద్రంలో యుద్ధనౌకల పక్కన సాగుతూ గొట్టంతో చమురు, తాడు మీద తపాలా సంచులు అందించేవి. ఎందరికో ఉత్తరాలు చేర్చిన నౌకలోని కుర్రవాడు తన ఉత్తరాల కోసం అంతగా ఎదురుచూశాడంటే, చదివిన ప్రతిసారీ నాకు గుండె పట్టేస్తుంది.

ఉత్తరం పంపినవాడి పేరు తెలిస్తే నౌక సిబ్బంది పట్టీల్లో వెతకండి. అవి, నౌక దినచర్య పుస్తకాలు మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో ఉన్న అమెరికా జాతీయ అభిలేఖాగారంలో ఉంటాయి. చనిపోయినవారి జాబితాతో పోల్చి చూడటానికి నాకు ధైర్యం చాలక రెండు వారాలు ఆగాను. నా రెండో కవరు పంపిన కుర్రవాడు బతికాడు. మీ కవరు మీద తేదీ ఎంతో రాయండి, ఆ రోజు నౌక ఎక్కడుందో కలిసి చూద్దాం.