పాఠకుల ప్రశ్నలు: కోట చూసి వెళ్లేవారు ఊరికి ఏమి మిగులుస్తున్నారు?

ప్రశ్న: సెలవు రోజుల్లో ఉదయగిరి కోట చూడటానికి చాలామంది వస్తున్నారు. సాయంత్రానికి ప్లాస్టిక్ సీసాలు, ఎంగిలి విస్తళ్లు కొండ మీద వదిలి వెళ్లిపోతున్నారు. పర్యాటకంతో పల్లెలు బాగుపడతాయని సభల్లో చెబుతుంటారు గాని మాకు అది కనబడటం లేదు. కారణమేమిటి?
(ఒక పాఠకురాలు, ఉదయగిరి మండలం)

జవాబు: కారణం మీ ప్రశ్నలోనే ఉందండీ. వచ్చినవారు సాయంత్రానికి వెళ్లిపోతున్నారు. తెల్లవారుజామున నెల్లూరులో పులిహోర పొట్లాలు కట్టుకుని, అక్కడే పెట్రోలు పోయించుకుని, కొండెక్కి దిగి, రాత్రి భోజనానికి మళ్లీ నెల్లూరు చేరేవారు మీ ఊళ్లో టీ నీళ్లకు తప్ప దేనికీ డబ్బు తీయరు. వారే ఒక రాత్రి ఆగితే రెండు పూటల భోజనం, పాలు, కూరగాయలు, ఆటో, దారి చూపించే మనిషి, అన్నీ ఊరి నుంచే కావాలి. కాబట్టి ఎంతమంది వచ్చారన్న లెక్క కంటే ఎంతమంది ఆగారన్న లెక్కే మీకు ముఖ్యం.

ఆగడానికి తగిన సరుకు మీకు లేకపోలేదు. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో గెలిచాడు. ఇక్కడి నుంచి బాలకృష్ణ విగ్రహాన్ని తీసుకువెళ్లి హంపీలో గుడి కట్టించాడు. (ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.) ఈ సంగతులు బోర్డు మీద చదవడం వేరు, మీ ఊరి యువకుడు కొండదారిలో ఒక్కొక్క బురుజు దగ్గర ఆగి చెబుతుంటే వినడం వేరు. ఇక ఈ ఊరి ప్రత్యేక వస్తువులుగా భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు ఉండనే ఉన్నాయి. వాటిని పట్నం దుకాణంలో కొంటే ధరలో కొంత భాగం మధ్యవారికి పోతుంది. చెక్కేవారి అరుగు మీద కూర్చుని, పని చూసి కొంటే మొత్తం ఆ ఇంటికే దక్కుతుంది. అయితే ఒక హెచ్చరిక. నర్ది వంటి కర్ర అడవి నుంచి రావలసిందే గనుక, గిరాకీ పెరిగే కొద్దీ మొక్కలు నాటకపోతే కొన్నేళ్లకు చెక్కడానికి కర్రే మిగలదు.

తెలంగాణలోని పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపునిచ్చింది. అక్కడ మగ్గం ముందు నుంచీ ఉంది, పర్యాటకులు తరువాత వచ్చారు. ఈ వరుసను తలకిందులు చేసి, ముందు స్వాగత ద్వారమూ సెల్ఫీ బోర్డూ కట్టిన చోట వాటికి రంగులు వేయించే ఖర్చు తప్ప ఊరికి ఒరిగేది ఉండదని నా అభిప్రాయం.

చెత్త విషయానికి వస్తే, పంచాయతీ స్థలంలో వాహనాలు నిలపడానికి రుసుము పెట్టి, ఆ డబ్బును కొండదారి శుభ్రతకే ఖర్చు చేయాలని గ్రామసభలో తీర్మానం చేయించండి.

ప్రశ్న: భైరవకోనకు వెళ్లడం తీర్థయాత్రా, పర్యాటకమా?
(ఒక పాఠకుడు, కనిగిరి)

జవాబు: ఒకే కొండను తొలిచిన ఎనిమిది గుహాలయాలకు దండం పెట్టుకున్నా, వాటి శిల్పాన్ని పరిశీలించినా, పక్కనున్న జలపాతంలో తడిసినా, చుట్టుపక్కల పల్లెలకు తేడా ఏమీ లేదు. తేడా అంతా కార్తీక పౌర్ణమి నాటి రద్దీకీ మామూలు రోజుల నిశ్శబ్దానికీ మధ్య ఉంది. ఏడాదికి కొద్ది రోజుల గిరాకీని నమ్ముకుని ఎవరూ అప్పు చేసి గదులు కట్టకూడదు.

ప్రశ్న: మాది మైపాడు దగ్గర మత్స్యకారుల పల్లె. ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. అతిథులకు ఇవ్వవచ్చా?
(ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా)

జవాబు: ఇవ్వవచ్చును. కేంద్ర పర్యాటక శాఖ పథకం ప్రకారం ఒకటి నుంచి ఆరు గదుల వరకు అతిథులకు ఇచ్చుకోవచ్చు గాని, యజమాని కుటుంబం అదే ఇంట్లో నివసిస్తుండాలి. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు కూడా స్థానికులు ఉన్న ఇంటి కొలతలనూ ముఖరూపాన్నీ మార్చకుండా హోమ్‌స్టే నడుపుకోవడాన్ని అనుమతిస్తున్నాయి. సముద్రం వైపు కొత్త గది లేపాలన్న ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. విదేశీయులు బస చేస్తే ఇరవై నాలుగు గంటల లోపు అధికారులకు తెలియజేయాలి. హోమ్‌స్టేలకు ముద్రా రుణాలు ఇస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు గనుక బ్యాంకులో విచారించండి. అప్పు దొరికితే మొదటి ఖర్చు ఏసీ మీద కాకుండా మరుగుదొడ్డి, మంచినీళ్ల మీద పెట్టండి.

మీ పల్లెకు ఇందులో ప్రత్యేకమైన అనుకూలత ఒకటుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అరవై ఒక్క రోజులు మరబోట్ల వేట నిషేధం. బడి సెలవులు కూడా దాదాపు అప్పుడే. ఇంట్లో రాబడి ఆగిపోయే రోజుల్లోనే అతిథులు వస్తారన్నమాట. పెట్టవలసిన భోజనం గురించి మీకు నేను చెప్పేదేముంది? రాత్రి వండిన చేపల పులుసు మరునాటికి గాని రుచికి రాదు గనుక, గది అడిగిన వారికి ఆ మాట ముందుగానే చెప్పి రెండు రోజులు ఉండమనండి.