ముత్తాత వీలునామా చదువుతున్న అమ్మాయికి

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన నాలుగు ఫొటోలూ చూశాను. ముత్తాత వీలునామా దొరికిందంటే నాకెంత సంతోషమైందో! సగం అక్షరాలు అర్థం కాక టెన్షన్‌గా ఉందన్నావు. అది ఊరి లెక్కలూ దస్తావేజులూ రాసే కరణాల గొలుసుకట్టు రాతమ్మా. మాటకీ మాటకీ ఎడం ఉండదు, చుక్కా కామా ఉండవు. మొదటి రోజే ఎవరికీ కొరుకుడుపడదు.

ముందు పైకి చదువు. కళ్లకి చిక్కని మాట నోటితో అంటే చెవికి తెలుస్తుంది. ‘యిల్లు’, ‘వూరు’ అని ఉంటే అవి తప్పులు కావు, అప్పట్లో అలాగే రాసేవాళ్లు. రెండో ఫొటోలో ‘ధమ౯కత౯’ దగ్గర ప్రశ్న గుర్తు పెట్టి, మధ్యలో తొమ్మిది అంకె ఎందుకని అడిగావు. అది అంకె కాదు, వలపలగిలక. దాని ముందున్న అక్షరానికి ముందు ‘ర్’ చేర్చి పలకాలి. ధర్మకర్త! అదే పేజీలో సర్వే నంబర్లలో మాత్రం ౯ నిజంగా తొమ్మిదే. ఏది గిలకో ఏది అంకో పక్క మాటని బట్టే తెలుస్తుంది.

ఇక నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. ఉన్నది ఉన్నట్టు రాసుకో, దిద్దకు. ఇరవై ఏళ్ల కిందట మా అమ్మగారి వైపు తాతగారి వీలునామా నేనే కూర్చుని ఎత్తి రాశాను. అందులో ఒక కూతురికి ‘వంటయింటి పక్క వసారా, యేటా రెండు పుట్ల ధాన్యం మనోవర్తి’ అని ఉంది. ఆ పేరుకీ నాకు తెలిసిన మా పిన్ని పేరుకీ ఒక్క అక్షరం తేడా. కరణంగారు పొరబడ్డారనుకుని పిన్ని పేరే రాసేశాను. ఎనిమిదేళ్ల తరవాత ఆ ఊరి పెద్దావిడ ఒకరు చెబితే తెలిసింది, ఆమె పిన్నికి పెద్దక్క అని. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి ఉండిపోయిందట. పిల్లలు లేరు, ఫొటో లేదు. ఆవిడ ఈ భూమ్మీద బతికిందనడానికి మిగిలింది ఆ ఒక్క వాక్యం. దాన్ని నేను కొట్టేశాను. ఇప్పటికీ గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది.

అందుకని ఎడమ పేజీలో కాగితంలో ఉన్నది అక్షరం మార్చకుండా రాయి. నీకు తోచిన అర్థం కుడి పేజీలో రాయి. చదవలేని చోట ఖాళీ వదులు, ఊహించి నింపకు.

తేదీలూ అంతే. ‘దుందుభి’ అని తెలుగు సంవత్సరం పేరు ఉంటే అలాగే రాసి, కుడివైపు 1922–23 అని వేసుకో. అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది కనక పక్కనున్న ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, కూడా చూడాలి. ఫసలీ 1332కి 590 కలిపితే 1922. కాకపోతే మన వైపు ఫసలీ జులైలో మొదలవుతుంది, ఉగాదికి కాదు. ‘రు 250-8-0’ అంటే రెండువందల యాభై రూపాయల ఎనిమిది అణాలు, అంటే రెండువందల యాభైన్నర. జిల్లా పేరు చూసి కూడా కంగారు పడకు. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో, తరవాత గుంటూరులో ఉండేది. ఒంగోలు జిల్లా వచ్చింది 1970లోనే, దానికి ప్రకాశం అని పేరు పెట్టింది 1972లో.

హద్దుల్ని మాత్రం విసుగని వదిలెయ్యకు. ‘తూర్పు ఫలానా వారి చేను’ అన్న ఆ ఫలానా వారు చాలాసార్లు పంచుకుని వేరుపడిన అన్నదమ్ములే. నాకు వంశవృక్షంలో రెండు కొమ్మలు హద్దుల్లోనే దొరికాయి.

కాగితం వెనక రిజిస్ట్రారు ముద్ర, నంబరు ఉంటే రాసుకో. రిజిస్టరైన వీలునామాలు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో మూడో పుస్తకంలో ఎక్కుతాయి. వీలునామా రాయించినవారు పోయాక ఎవరు అర్జీ పెట్టుకున్నా నకలు ఇవ్వాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. చినిగిన చోట ఏముందో ఆ నకలులో తెలుస్తుంది.

నాలుగో ఫొటో మళ్లీ తీసి పంపమ్మా. ఫ్లాష్ వద్దు, కిటికీ దగ్గర పగటి వెలుతురులో తియ్యి. కింది అంచు తెగిపోయింది. ‘దస్తూరి’, అంటే చేతిరాత, అన్న మాట పక్కన కాగితం రాసిపెట్టినవారి పేరుండాలి. దానిపైన సాక్షుల్లో ఒకరు సంతకం బదులు గీత గీశారు, పక్కన ‘నిశాని’ అని ఉంది. ఆ పేరు చివర ‘అమ్మ’ ఉందో ‘అయ్య’ ఉందో నాకు తేలట్లేదు.

ఇట్లు,
పెదనాన్న