థెరపిస్ట్ దగ్గర కూడా "బాగానే ఉన్నాను" అంటున్నారా?

అమెరికా వచ్చి ఏడాది తిరగకముందే థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళిన పిల్లలు ఈమధ్య నాకు చాలామంది తెలుసు. చాలా మంచి పని చేశారు, మాకు అప్పట్లో ఆ ధైర్యం లేదు. చిక్కల్లా ఆ తర్వాతే వస్తోంది. నాలుగు సెషన్లు అయ్యాక కూడా నిద్ర తగ్గిపోతూ ఉంటుంది, క్లాసుకి వెళ్ళబుద్ధి కాదు, పొద్దున మంచం దిగడానికే గంట పడుతుంది, అయినా ఆ కుర్చీలో కూర్చోగానే అమ్మానాన్నలతో వీడియో కాల్‌లో పెట్టే మొహమే అక్కడా పెట్టేస్తారు. ఎలా ఉన్నావంటే "గుడ్".

నేనూ అదే చేశాను. సెషన్ ముందు నాకు డిప్రెషన్ ఎంత ఉందో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ఫారం ఇచ్చేవారు. గత రెండు వారాలు ఎలా గడిచాయో తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా టిక్ పెట్టాలి. చివరి ప్రశ్న, చచ్చిపోతే బాగుండునని గానీ నాకు నేనే ఏదైనా చేసుకోవాలని గానీ అనిపిస్తోందా అని. పెన్ను అక్కడికి వచ్చి ఆగిపోయేది. "కొన్ని రోజులు", అంటే 1 అన్న గడి మీద ఆనించి, మళ్ళీ వెనక్కి తెచ్చి సున్నా మీద పెట్టేసేదాన్ని. మూడుసార్లు అలా చేశాను. నిజం రాస్తే వెంటనే పోలీసుల్ని పిలుస్తారని, ఆసుపత్రిలో పడేస్తారని, వీసా పోతుందని భయం.

నాలుగోసారి 1 మీద టిక్ పెట్టాను. థెరపిస్ట్ కాగితం చూసి, కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, ఆ ఆలోచనలు ఎప్పుడు వస్తున్నాయి, ఏమైనా చేసుకోవాలని నిర్ణయించుకున్నావా అని మెల్లగా అడిగింది. బతకాలని లేదనిపించడం వేరు, సిద్ధపడిపోవడం వేరు, ఆ తేడా వాళ్ళకి తెలుసు. ఆ రోజు ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఇద్దరం కూర్చుని ఒక సేఫ్టీ ప్లాన్ రాశాం, మనసు దిగజారుతోందని నాకు ఎలా తెలుస్తుంది, అప్పుడు ముందు ఎవరికి ఫోన్ చేయాలి, ఇలాంటివి. రెండు వారాలకోసారి ఉన్న సెషన్ వారానికోసారి అయింది, మందుల కోసం సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపింది. ఇదంతా నెలన్నర ముందే జరగాల్సింది. నేను సున్నా పెడుతూ పోయినంతకాలం, నేను కోలుకుంటున్నాననే ఆవిడ అనుకుంది.

వీసా మాట. థెరపీకి వెళ్తున్నందుకు ఎఫ్-1 గానీ హెచ్-1బీ గానీ పోదు. మీరు చెప్పినవి థెరపిస్ట్ మీ కంపెనీకో, ప్రొఫెసర్‌కో, ఇంట్లోవాళ్ళకో చెప్పడానికి వీల్లేదు. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో అప్పటికప్పుడు ప్రమాదం ఉన్నప్పుడు, పిల్లల మీద హింస తెలిసినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, ఇలాంటి కొన్ని మినహాయింపులు ఉంటాయి. మొదటి రోజు సంతకం పెట్టించుకునే కాగితాల్లో అవన్నీ ఉంటాయి, అర్థం కాకపోతే నిలదీసి అడగండి. స్టూడెంట్స్‌కి అసలు ముప్పు దాచడంలోనే ఉంది. తట్టుకోలేక ఎవరికీ చెప్పకుండా కోర్సులు డ్రాప్ చేస్తే వీసా స్టేటస్ దెబ్బతింటుంది. అదే డాక్టరు గానీ లైసెన్స్ ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్ గానీ లెటర్ ఇస్తే, డీఎస్ఓ, అంటే కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి, ముందుగా అనుమతించి కోర్సులు తగ్గిస్తారు, ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలల దాకా. ఆ లెటర్ రావాలన్నా ముందు మీరు నోరు విప్పాలి కదా.

ఎలా చెప్పాలి అంటారా, ముందురోజు రాత్రి ఫోన్‌లో తెలుగులోనే రాసుకోండి. గుండెల్లో బరువు, ఒళ్ళంతా నీరసం, ఊరికే ఏడుపు రావడం, ఎలా తోస్తే అలా. ఇంగ్లీషు తర్వాత చూసుకోవచ్చు, మాట రాకపోతే ఆ ఫోనే ఆవిడ చేతికి ఇచ్చేయండి, అనువాదం చేసుకుని చదువుతుంది. "బాలేదు" అంటే వాళ్ళకి ఏమీ తెలియదు. పోయిన నెల ఆరు గంటలు పడుకునేదాన్ని, ఇప్పుడు మూడు, ఈ వారం నాలుగు క్లాసులు మానేశాను అంటే తెలుస్తుంది. తాగుడు ఎక్కువైతే అదీ చెప్పండి. డిప్రెషన్ మందులు కొత్తగా మొదలుపెట్టినా, డోసు మార్చినా మొదటి కొన్ని వారాలు, ముఖ్యంగా 25 లోపు వయసువాళ్ళు, చెడు ఆలోచనలు పెరుగుతున్నాయేమో కనిపెట్టుకుని ఉండాలి. పెరిగితే మందు రాసిన డాక్టర్‌కి ఆ రోజే ఫోన్ చేయండి, మీ అంతట మీరు మానేయకండి. థెరపిస్ట్‌కి మన ఇంటి సంగతులు అర్థం కావట్లేదనిపిస్తే ఆ మాట ఆవిడతోనే అనొచ్చు, అయినా కుదరకపోతే మారొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకో మాట, పరిస్థితి దిగజారుతుంటే అపాయింట్‌మెంట్ పది రోజుల తర్వాత ఉందని ఆగకండి. ఆఫీసుకి ఫోన్ చేసి లక్షణాలు ఎక్కువయ్యాయని చెప్పి, ముందు టైమ్ అడగండి. రాత్రిపూట తట్టుకోలేనట్టు అనిపిస్తే ఆత్మహత్య ఆలోచనలప్పుడు సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి కాల్ చేయండి, మెసేజ్ అయినా చేయండి, 2022 జూలై నుంచి దేశమంతటా 24 గంటలూ పనిచేస్తోంది. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే ఎమర్జెన్సీ నంబర్ 911. ఆ రెండు నంబర్లూ రూమ్మేట్‌కి కూడా చెప్పి ఉంచండి, ఆ సమయంలో ఫోన్ పట్టుకోవడానికి మీకు చేతులు ఆడకపోవచ్చు.