బాయి ఉద్యోగమా, ఎకనామిక్స్ చదువా: ఒక సింగరేణి తండ్రికి జవాబు

ప్రశ్న: నేను మందమర్రి ఏరియాలో అండర్‌గ్రౌండ్ బాయిలో (బొగ్గు గనిలో) పని చేస్తున్నాను. వయసు 53. మా అబ్బాయి మంచిర్యాలలో బి.ఏ. ఎకనామిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి మెడికల్ అన్‌ఫిట్‌కు (ఆరోగ్యం బాగాలేక పని చేయలేనని) పెట్టుకుని, నా బదులు వాడికి డిపెండెంట్ ఉద్యోగం ఇప్పిద్దామని నా ఆలోచన. వాడేమో "బొగ్గు తగ్గిపోతే మన ఊళ్లలో దేని మీద పెట్టుబడి పెట్టాలి, ఉద్యోగాలు ఎట్లా వస్తాయి అనే చదువు చదువుతా" అంటున్నాడు. అలాంటి చదువు ఉందా? చదివితే ఉద్యోగం ఎవరిస్తారు? ఇంట్లో రోజూ ఇదే గొడవ. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నా, నమస్తే. అలాంటి చదువు ఉంది. ప్రాంతీయ ప్రణాళిక అంటారు, ప్రాంతీయ అభివృద్ధి అంటారు, ఎకనామిక్స్‌లో ఒక భాగంగా కూడా చెబుతారు. ఏ కోర్సు, ఎక్కడ అనేది తర్వాత చెబుతాను. ముందు మీ అబ్బాయి అడుగుతున్న ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. అది గాల్లోంచి పుట్టిన ప్రశ్న కాదు, మీ ఇంటి గుమ్మం ముందున్న ప్రశ్న.

మీరు ఉద్యోగంలో చేరిన రోజులు గుర్తు చేసుకోండి. 1990ల మొదట్లో సింగరేణిలో పని చేసేవాళ్లు లక్ష దాటి ఉండేవారు. ఇప్పుడు పర్మినెంట్ ఉద్యోగులు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. బొగ్గేమైనా తగ్గిందా? లేదు. అప్పట్లో ఏడాదికి రెండు కోట్ల టన్నుల లోపు తీసేవారు, 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు. అంటే బొగ్గు మూడు రెట్లు దాటింది, ఉద్యోగాలు సగానికన్నా తక్కువకు వచ్చాయి. అండర్‌గ్రౌండ్ బాయిలు తగ్గి ఓసీలు, అంటే పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనులు పెరిగాయి. ఓసీల్లో మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. బెల్లంపల్లి, ఇల్లెందు పట్టణాల్లో 2001 జనాభా లెక్కలకూ 2011 లెక్కలకూ మధ్య జనాభా తగ్గింది. 1889లో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైందే ఇల్లెందులో. "బొగ్గు అయిపోయాక" అని మీ అబ్బాయి అంటున్నాడు గానీ, బొగ్గు ఉండగానే ఉద్యోగాలు పోవడం మీ ప్రాంతం చూసేసింది.

ఇక ఈ చదువు చదివినవాళ్లు చేసే పని ఏమిటో చెబుతాను. మీ జీతం మందమర్రిలో పడుతుంది. అందులో ఎంత మందమర్రిలోనే ఖర్చవుతుంది? పిల్లల ఫీజు హైదరాబాద్‌కో వరంగల్‌కో పోతుంది, పెద్ద ఆసుపత్రి ఖర్చు కరీంనగర్‌కు పోతుంది, పెళ్లి బట్టలు మంచిర్యాలలోనో ఇంకా అవతలో కొంటారు. ఊళ్లో మిగిలే డబ్బే అక్కడ ఇంకొకరికి జీతమవుతుంది. కంపెనీ సంగతీ అంతే. బాయిలో వాడే బూట్లు, హోస్ పైపులు, బోల్టులు, కన్వేయర్ బెల్టులు ఎక్కడ తయారై వస్తున్నాయి? అందులో ఏ రెండు మూడు వస్తువులు జిల్లాలోనే చేయగలం? చేస్తే బొగ్గు కంపెనీకి కాక ఇంకెవరికి అమ్మగలం? ఈ చివరి ప్రశ్నే చాలా ముఖ్యం. ఈ లెక్కలన్నీ వేసి, పెట్టుబడి ఎక్కడ పెడితే ఎక్కువ మందికి ఎక్కువ కాలం పని దొరుకుతుందో చెప్పడమే ఆ పని.

దీనికి వాళ్ల దగ్గర కొలతలున్నాయి. ఒక చిన్న ఉదాహరణ, ఊహించుకున్న అంకెలతో. ఒక జిల్లాలో పని చేసే ప్రతి 100 మందిలో 20 మంది గనుల్లో ఉన్నారనుకోండి, రాష్ట్రం మొత్తంలో చూస్తే 100కి ఇద్దరే ఉన్నారనుకోండి. 20ని 2తో భాగిస్తే 10. దీన్ని లొకేషన్ కోషెంట్ అంటారు. పది వచ్చిందంటే ఆ జిల్లా ఒకే దూలం మీద నిలబడిన ఇల్లులాంటిది. అదే లెక్క పాల డెయిరీకి, చెక్క పనికి, రిపేరు షెడ్లకు వేసి చూస్తే ఏది ఇప్పటికే కాస్త బలంగా ఉందో కనిపిస్తుంది. మొలకెత్తిన దానికి నీళ్లు పోయడం, లేని విత్తనం కోసం వెతకడం కంటే తేలిక.

పెద్ద ఫ్యాక్టరీ ఒకటి తెస్తే సరిపోదా అని మీరడగొచ్చు. మీ పక్కనే చూడండి. జైపూర్‌లో సింగరేణి 1200 మెగావాట్ల పవర్ ప్లాంటు కట్టింది. మంచిదే, కానీ అదీ బొగ్గు మీదే నడుస్తుంది. బొగ్గుకు కష్టమొస్తే రెండింటికీ ఒకేసారి వస్తుంది. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ కథ వేరు. బొగ్గుతో నడిచిన పాత ఎఫ్‌సీఐ (ఫెర్టిలైజర్ కార్పొరేషన్) ప్లాంటు 1999లో మూతబడింది. ఆ చోటే కట్టిన కొత్త ప్లాంటు పైపులైన్‌లో వచ్చే గ్యాస్‌తో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. వేల కోట్లు పెట్టిన అలాంటి ప్లాంటులో యంత్రాలే ఎక్కువ పని చేస్తాయి, పర్మినెంట్ ఉద్యోగాలు తక్కువే ఉంటాయి. ఎన్ని కోట్లు వచ్చాయని కాదు, కోటికి ఎంతమందికి పని దొరికిందని అడగడం నేర్పుతుంది ఈ చదువు.

జర్మనీలో రూర్ అని ఒక బొగ్గు ప్రాంతం ఉంది. మీ కోల్ బెల్ట్ గురించి మాట్లాడే ప్రతిసారీ నాకు అదే గుర్తొస్తుంది. 1950ల చివర్లో అక్కడ బాయిలు మూతపడటం మొదలైంది. బోహుమ్ అనే ఊళ్లో ఒక పాత గని స్థలంలోనే 1962లో ఓపెల్ కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. తర్వాత నోకియా ఫోన్ల ఫ్యాక్టరీ ప్రభుత్వ సబ్సిడీలతో నడిచింది. 2008లో నోకియా దాన్ని మూసేసి పనిని రొమేనియాకు తీసుకుపోయింది, రెండు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. మూడేళ్లకు ఆ రొమేనియా ఫ్యాక్టరీని కూడా మూసేసింది. ఓపెల్ 2014లో వెళ్లిపోయింది. మరి ఏది నిలిచింది? 1965లో అదే బోహుమ్‌లో తెరిచిన యూనివర్సిటీ. అప్పటిదాకా ఆ బొగ్గు ప్రాంతంలో ఒక్క యూనివర్సిటీ కూడా లేదు. దాని వెనకాల డోర్ట్‌మండ్‌లో మరొకటి వచ్చింది. గనులకు యంత్రాలు చేసిన కంపెనీల్లో కొన్ని నీళ్లు శుభ్రం చేసే పనులకు, పాడైన నేలను బాగుచేసే పనులకు మళ్లాయి. రూర్‌లో చివరి బాయి 2018 డిసెంబర్‌లో మూతబడింది. అంటే దాదాపు అరవై ఏళ్లు పట్టిన మార్పు అది, అన్ని కష్టాలూ తీరాయని కూడా చెప్పలేం. బయటి నుంచి వచ్చిన కంపెనీ మూట కట్టుకుని వెళ్లగలదు, మనుషులు నేర్చుకున్న పని వాళ్లతోనే ఉంటుంది. మన దగ్గర కొత్తగూడెం మైనింగ్ కాలేజీని 2025లో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగా మార్చారు. నాకు దాని మీద చాలా ఆశ ఉంది.

డబ్బు ఎక్కడుందంటారా? డీఎంఎఫ్‌టీ పేరు వినే ఉంటారు, జిల్లా ఖనిజ నిధి. 2015లో గనుల చట్టం మార్చి పెట్టారు. పాత లీజుల మీద కంపెనీ ప్రభుత్వానికి కట్టే రాయల్టీలో 30 శాతం ఈ నిధికి జమ కావాలి. బొగ్గు మీద రాయల్టీ 14 శాతం. టన్ను ధర 3,000 రూపాయలనుకుంటే రాయల్టీ 420, అందులో నిధికి 126. ఒక టన్నుకే ఇది, కోట్ల టన్నులకు ఎంతో మీరే లెక్కేయండి. నీళ్లు, వైద్యం, చదువుతో పాటు నైపుణ్య శిక్షణ, జీవనోపాధికి కూడా ఈ డబ్బు వాడాలని నిబంధనల్లో ఉంది. సీసీ రోడ్డు, కాంపౌండ్ వాల్ వేయడానికి ఎస్టిమేట్ ఒక్క రోజులో తయారవుతుంది. రెండు వందల మందికి పదేళ్లు పని దొరికే పథకం రాయాలంటే మాత్రం మీ అబ్బాయి చదవాలనుకుంటున్న చదువే కావాలి. బాయి మూసిన తర్వాత ఈ నిధి కూడా ఆగిపోతుంది కాబట్టి, ఆ మనుషులు ఇప్పుడే తయారు కావాలి.

చదువు దారి ఇదీ. ముందు ఎం.ఏ. ఎకనామిక్స్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే ఎంట్రన్స్ రాయాలి, ఉస్మానియా, కాకతీయలకు సీపీగెట్ ఎంట్రన్స్. రెండూ రాయించండి. ఆ తర్వాత ఆసక్తి ఉంటే ప్లానింగ్‌లో మాస్టర్స్ చేయొచ్చు. ఎకనామిక్స్‌లో పీజీ చేసినవాళ్లనూ చాలా చోట్ల ఎం.ప్లాన్‌కు తీసుకుంటారు. ఢిల్లీ, విజయవాడ, భోపాల్‌లలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది. ఢిల్లీ జేఎన్‌యూలో ప్రాంతీయ అభివృద్ధికే ఒక ప్రత్యేక కేంద్రం ఉంది. మీ అబ్బాయికి అడ్డొచ్చేది ఒక్కటే, లెక్కలు. బి.ఏ. చదివిన పిల్లలు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇంటర్ స్థాయి కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ ఈ ఏడాదే కూర్చుని నేర్చుకోవాలి. ఎక్సెల్ గట్టిగా రావాలి. మ్యాపులు చేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అదీ మొదలుపెట్టమనండి.

ఉద్యోగాల విషయంలో మీకు లేనిపోని ఆశ పెట్టను. మొదటి రెండు మూడేళ్లు కాంట్రాక్టు పనే ఎక్కువగా దొరుకుతుంది: రీసెర్చ్ సంస్థల సర్వేలు, ప్రభుత్వ పథకాల ప్రాజెక్టు యూనిట్లు, కన్సల్టెన్సీ కంపెనీలు. సింగరేణి జీతంతో పోలిస్తే తక్కువే ఉంటుంది. స్థిరమైన వాటిలో నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది నాబార్డ్ (వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) గ్రేడ్ ఎ ఆఫీసర్ ఉద్యోగం. దేశంలో జిల్లా జిల్లాకూ ఏ రంగానికి ఎంత అప్పు ఇవ్వొచ్చో నాబార్డ్ ఏటా ఒక ప్రణాళిక రాస్తుంది, పీఎల్‌పీ అంటారు. మీవాడు చేస్తానంటున్న పని అచ్చం అదే. వయసు 21 నుంచి 30, డిగ్రీలో 60 శాతం మార్కులు అడుగుతారు. ఆఖరి సంవత్సరం మార్కులను అశ్రద్ధ చేయొద్దని చెప్పండి. యూపీఎస్సీ ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఉంది గానీ పోస్టులు చాలా తక్కువ, కొన్నేళ్లు ఇరవై కూడా ఉండవు. రాష్ట్రంలో గ్రూప్స్ ఎలాగూ రాయొచ్చు.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. మీ వయసు 53, సింగరేణిలో రిటైర్మెంట్ 61. మీకు ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది. మీరిప్పుడు అన్‌ఫిట్ అయితే మీ సీనియారిటీ జీతం ఆగుతుంది. మీవాడు బదిలీ వర్కర్‌గా (ఇంకా పర్మినెంట్ కాని కార్మికుడిగా) చేరి, మస్టర్లు (హాజరు రోజులు) నిండాక పర్మినెంట్ అవుతాడు. ఇంటికి వచ్చే డబ్బు మొదట్లో తగ్గుతుంది. ఆ ఎనిమిదేళ్లలో ఎం.ఏ.కి రెండేళ్లు, పరీక్షలకు మూడేళ్లు ఇచ్చినా మీ చేతిలో సమయం మిగులుతుంది. నా మాట ఇదీ: వాడికి ఐదేళ్లు గడువివ్వండి. గడువు ఏమిటో కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. గడువు ఉంటే వాడికీ భయం భక్తీ ఉంటాయి, మీకూ నిద్ర పడుతుంది. డిపెండెంట్ వయసు పరిమితి, సర్వీసు ఎంత మిగిలి ఉండాలనే నిబంధనలు మారుతుంటాయి కాబట్టి పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో ఈ నెలలోనే అడిగి తెలుసుకుని, వాటిని బట్టి గడువు సర్దుకోండి. మెడికల్ బోర్డులో పని చేయించి పెడతామని డబ్బులడిగేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి.

వాడికి డిపెండెంట్ ఉద్యోగమే నచ్చితే అదీ తప్పు కాదు. మీ తరమంతా ఆ పనితోనే పిల్లల్ని పెంచింది. కానీ ఇష్టం లేనివాణ్ని బాయిలోకి దింపడం మాత్రం వాడికీ, పక్కన పని చేసేవాళ్లకూ ప్రమాదం.

ఈ వేసవి సెలవుల్లో వాడికి ఒక పని అప్పగించండి. మందమర్రి మార్కెట్‌లో ముప్పై దుకాణాలు తిరిగి సరుకు ఎక్కడి నుంచి వస్తుంది, ఎంతమంది పని చేస్తున్నారు, సింగరేణి జీతాల రోజు తర్వాత అమ్మకం ఎంత పెరుగుతుంది అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. నాబార్డ్ వెబ్‌సైట్‌లో మంచిర్యాల జిల్లా పీఎల్‌పీ దొరుకుతుంది, దాంతో ఈ లెక్కలు పోల్చి చూడాలి. ఎండలో ముప్పై దుకాణాలు తిరిగాక కూడా ఇదే చదువు కావాలంటే వాడి మాట నమ్మండి. ఆ నోట్‌బుక్ ఫోటోలు తీసి నాకు పంపమనండి, చూసి ఫోన్‌లో మాట్లాడతాను. మీ మోకాళ్లను ముందు ఏరియా ఆసుపత్రిలో చూపించుకోండి. ఉద్యోగం కోసం కాదు, నడవడం కోసం. నిజంగానే బాయి దిగలేని పరిస్థితి ఉందని డాక్టర్లు అంటే మళ్లీ రాయండి, అప్పుడు లెక్క వేరే వేద్దాం.