అడగకుండా డిప్యుటేషన్ వేస్తే?

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వ శాఖలో యూడీసీని (అప్పర్ డివిజన్ క్లర్కుని). నా ఇష్టం అడగకుండా ఒక సంస్థకు డిప్యుటేషన్ వేశారు. వెళ్లక తప్పదా?

జవాబు: మాతృశాఖ, తీసుకునే సంస్థ, ఉద్యోగి ముగ్గురూ ఒప్పుకుంటేనే డిప్యుటేషన్ అని ఉమాపతి చౌదరి కేసులో 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. చిక్కల్లా కేంద్ర ఉద్యోగుల సర్వీసు నిబంధన ఫండమెంటల్ రూల్ 110(ఎ)తోనే. ఇష్టం లేనివారిని ఫారిన్ సర్వీసుకు (పేరు చూసి విదేశమనుకోకండి; ప్రభుత్వ ఖజానా నుంచి కాక వేరేచోటి నుంచి జీతం వచ్చే కొలువు) పంపకూడదంటూనే, ప్రభుత్వ యాజమాన్యంలోనో అదుపులోనో ఉన్న సంస్థలను మినహాయించింది; అంటే ఈ రూల్ ప్రకారం అలాంటి సంస్థకైతే ఇష్టం లేకున్నా పంపొచ్చు. మీ సంస్థ ఏ కోవలోకి వస్తుందో ముందు తేల్చుకోండి. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టకండి. అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఆర్డరును పట్టించుకోకుండా ఇంట్లో కూర్చుంటే మాత్రం అనధికార గైర్హాజరు కింద చార్జిమెమో (క్రమశిక్షణ చర్యకు అభియోగ పత్రం) వస్తుంది; చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మీ అభ్యంతరాన్ని తిరస్కరిస్తే ఆ తేదీ నుంచి ఏడాదిలోగా, కేంద్ర ఉద్యోగుల సర్వీసు వివాదాలు వినే ట్రిబ్యునల్ క్యాట్‌కు వెళ్లాలి. ఆరు నెలలైనా జవాబు రాకపోతే, ఆపై ఏడాది గడువుంటుంది.